క్రేన్ అనే మాటను మెడ పట్టుకుని నేర్చుకోండి

ఇంగ్లీషులో క్రేన్ అంటే మొదట పక్షి, తర్వాత యంత్రం, ఆ తర్వాత మనం మెడతో చేసే ఒక పని. విశాఖలో పుట్టిన పిల్లలకి మాత్రం వరస వేరు. పక్షి సంగతి తెలియకముందే రాస్ హిల్ మీంచో, ఫిషింగ్ హార్బర్ గట్టు మీంచో ఆ పొడుగాటి ఇనుప మెడల్ని చూసేస్తారు. అందుకే ఈ మాట మనకి బాగా వచ్చనే అనుకుంటాం. తీరా కాగితం ఇచ్చి దీంతో నాలుగు వాక్యాలు రాయమంటే నాలుగూ యంత్రం మీదే ఉంటాయి. అందులో సగం చోట్ల రాయాల్సిన మాట క్రేన్ కానే కాదు.

నేను పోర్టులో ఖలాసీగా చేరి రిగ్గింగ్ (బరువులకి తాళ్లు కట్టి క్రేన్‌తో ఎత్తించే పని) ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు మల్కాపురంలో మా మేడ మీద, గల్ఫ్‌కి రిగ్గర్లుగా, క్రేన్‌కి చేతి సైగలిచ్చే సిగ్నల్‌మన్‌లుగా వెళ్లాలనుకునే కుర్రాళ్లకి ఇంటర్వ్యూకి కావలసిన ఇంగ్లీషు చెబుతున్నాను. ఎవరొచ్చినా ఈ మాటతోనే మొదలుపెట్టిస్తాను. ఒక్క మాటని మొదలంటా తెలుసుకుంటే దాని చుట్టూ ఉన్నవి దగ్గరికి జరుగుతాయి. ఇంట్లో పిల్లలకి చెప్పుకునేవాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందుగా మూడు అర్థాలూ విడివిడిగా బట్టీ పట్టొద్దు. పలక తీసుకుని ఏటవాలుగా ఒక గీత గియ్యండి. దాని కొసకి ముక్కు, మొదట్లో రెక్కలు పెడితే పక్షి. కొసకి హుక్కు వేలాడదీసి మొదట్లో క్యాబిన్ పెడితే యంత్రం. ఆ గీత మీద మనిషి తల పెట్టి, కింద మునివేళ్ల మీద లేచిన కాళ్లు గీస్తే, అదే క్రియ. మూడింటికీ ఆ గీతే మెడ. యంత్రానికి పక్షి పేరు రావడం ఇంగ్లీషువాళ్లు ఒక్కళ్లే చేసిన పని కాదు. పాత గ్రీకులో గెరనోస్ అంటే ఆ పక్షీ, బరువులెత్తే యంత్రమూ రెండూ. ఫ్రెంచివాళ్లకి ఇప్పటికీ రెండింటికీ గ్రూ అనే ఒకే మాట. జర్మన్లు పక్షిని క్రానిష్ అని, యంత్రాన్ని క్రాన్ అని అంటారు. ఎవరు చూసినా ముందు కంటికి ఆనింది మెడే.

ఇక పక్షి. మనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. బడిలో కొంగ అంటే క్రేన్ అని చెప్పేశారు. మేఘాద్రిగెడ్డ దగ్గర, కొండకర్ల ఆవలో, గేదెల వెనకాల నడిచే తెల్ల కొంగ క్రేన్ కాదు, ఈగ్రెట్. బూడిద రంగులో, నీళ్లలో కదలకుండా నిలబడే నారాయణ పక్షి హెరాన్. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటాక తేలినీలాపురంలో దిగే వలస పక్షుల్ని ఊళ్లో సైబీరియా కొంగలంటారు. అవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇంగ్లీషులో మొదటిది పెలికన్, రెండోది పెయింటెడ్ స్టార్క్. సైబీరియన్ క్రేన్ అనే పక్షి వేరే ఉంది. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేది, 2002 తర్వాత రావడం మానేసింది.

అసలు క్రేన్ ఎలా ఉంటుందంటే, మన దేశంలో ఉత్తరాది పొలాల్లో తిరిగే సారస పక్షిని గుర్తు పెట్టుకోండి. ఎర్రటి తల, బూడిద రంగు ఒళ్లు, నిలబడితే దాదాపు మనిషంత ఎత్తు. ఎగిరే పక్షుల్లో దీన్ని మించిన పొడుగు లేదు. మన పాత తెలుగులో బెగ్గురు అన్నది ఈ జాతినే. వాల్మీకి శోకం శ్లోకమైన చోట ఉన్న క్రౌంచ పక్షులు ఇవేనని చెప్పేవాళ్లూ చాలామంది ఉన్నారు. చెట్టు మీద గూడు కట్టదు, తడి నేల మీదే కడుతుంది. కాబట్టి సాయంత్రం మర్రిచెట్టు మీద గుంపుగా వాలే తెల్ల కొంగల్ని చూసి క్రేన్స్ అని రాయకండి.

దూరంనుంచి తేల్చుకోవడానికి మళ్లీ మెడే సాయం. ఎగిరేటప్పుడు మెడని వెనక్కి మడిచి భుజాల్లోకి ముడుచుకుంటే అది హెరాన్, ఈగ్రెట్ కుటుంబం. మెడ బాణంలా ముందుకి చాచి ఎగిరితే క్రేన్ గాని స్టార్క్ గాని. ఈ ఒక్క గుర్తుతో మీరు పిల్లలకి బీచ్ రోడ్డు మీద నిలబెట్టి పాఠం చెప్పొచ్చు.

మరి కథలో కొంగ సంగతి? చెరువెండిపోతోందని చేపల్ని మోసం చేసి మోసుకెళ్లిన కొంగ, చివరికి ఎండ్రకాయ చేతిలో మెడ తెగి చచ్చింది. ఆ కథని ఇంగ్లీషులో కొందరు క్రేన్ అని, కొందరు హెరాన్ అని రాశారు. కథల్లో క్రేన్ అన్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ కొంగ జపం అన్న మన నుడికారాన్ని మాత్రం క్రేన్ పెట్టి ఇంగ్లీషులోకి మార్చకండి, వాళ్లకి అర్థం కాదు. దొంగ భక్తి అన్న భావం చెప్పండి చాలు.

ఆ ఎండ్రకాయని ఇంకాసేపు గుర్తుంచుకోండి, యంత్రంలో మళ్లీ వస్తుంది.

యంత్రానికి ఈ ఊళ్లో కొదవ లేదు. 1933లో ఇన్నర్ హార్బర్ మొదలైన దగ్గర్నుంచి, 1948లో షిప్‌యార్డులో జల ఉష నీళ్లలోకి జారిన రోజునుంచి, 1976లో ఔటర్ హార్బర్, ఆ తర్వాత కంటైనర్ టెర్మినల్ వచ్చేదాకా ఊరు పెరిగిన దారంతా క్రేన్లే. ఇంటర్వ్యూలో క్రేన్ అని ఊరుకుంటే సరిపోదు, ఏ క్రేన్ అని అడుగుతారు. మధురవాడ అపార్టుమెంట్ల మీద నిలువుగా లేచి అడ్డంగా చెయ్యి చాచి ఉండేది టవర్ క్రేన్. ఓడ పక్కన పట్టాల మీద కదులుతూ కంటైనర్లు దించేది క్వే క్రేన్. రెండు కాళ్ల మధ్యన సరుకు పెట్టుకుని, పైన దూలంతో ఎత్తేది గాంట్రీ. అదే బాగా పెద్దదైతే గోలియత్ అంటారు. ఇనుప గొలుసు పట్టాల మీద పాకేది క్రాలర్. ముందు బరువు తగిలించుకుని రోడ్డు మీద మెల్లగా ఊగుతూ పోయేదాన్ని మనమంతా హైడ్రా అంటాం. బయటి దేశాల్లో హైడ్రా అంటే అందరికీ తెలియదు. అక్కడ పిక్ అండ్ క్యారీ క్రేన్ అనండి. (హైడ్రా కూడా జంతువే. మంచినీటి గుంటల్లో ఉండే చిన్న ప్రాణి. గ్రీకు పురాణంలో తలలు చాలా ఉన్న పాము.)

క్రేన్ కానివాటిని తీసి పక్కన పెట్టండి. మట్టి తవ్వేదాన్ని మనం జేసీబీ అనో, పొక్లెయిన్ అనో అంటాం. రెండూ కంపెనీ పేర్లు. వాటి అసలు పేరు ఎక్స్‌కవేటర్, వెనకాల తొండం ఉన్నదైతే బ్యాక్‌హో. డాబా గార్డెన్స్‌లో నో పార్కింగ్‌లో పెట్టిన బండిని "క్రేన్ వచ్చి ఎత్తుకుపోయింది" అంటాం కదా, ఇంగ్లీషులో అది టో ట్రక్. బండి టో అయింది అని చెప్పాలి. నాయకుడు ఊరేగింపుగా వస్తుంటే కూడలిలో గజమాల వేయడానికి తెచ్చేది మాత్రం నిజంగా క్రేనే. గాజువాకలో పెద్ద వినాయకుణ్ణి ఎత్తేదీ క్రేనే. సినిమావాళ్ల క్రేన్ షాట్ అంటే కెమెరాని పొడుగు చేతికి తగిలించి పైకి తీసుకెళ్తూ తీసేది. అక్కడా మెడే.

ఇప్పుడు ఎండ్రకాయ. స్టీలు ప్లాంటులోగాని, ఏ పెద్ద వర్క్‌షాపులోగాని తల పైకెత్తితే రెండు గోడల వెంబడి పట్టాలు, వాటి మీద వంతెనలా ఒక దూలం కనబడతాయి. దీన్ని ఈవోటీ (ఎలక్ట్రిక్ ఓవర్‌హెడ్ ట్రావెలింగ్) క్రేన్ అంటారు, ఓవర్‌హెడ్ క్రేన్ అన్నా అదే. ఆ దూలం మీద మోటారు, డ్రమ్ము, తాడు మోసుకుంటూ ఈ చివరినుంచి ఆ చివరికి అడ్డంగా తిరిగే బండి ఉంటుంది. దాని పేరు క్రాబ్. అడ్డంగా నడుస్తుంది కాబట్టి క్రాబ్ అని కుర్రాళ్లకి చెబుతాను. వెంటనే కథ గుర్తు చేస్తాను: కొంగ వీపెక్కిన ఎండ్రకాయే, క్రేన్ వీపెక్కిన క్రాబ్. ఆ తర్వాత ఇంటర్వ్యూలో క్రాబ్ అంటే ఏమిటని అడిగితే మా మేడ మీద కూర్చున్నవాడెవడూ నోరు తెరుచుకుని చూడడు.

రిగ్గింగులో ఇలాంటి జంతువులు ఇంకా ఉన్నాయి. వైర్ రోప్ మీద బరువు ఒక్కసారిగా వదిలేస్తే తాడు పురులు విడిపోయి బుట్టలా ఉబ్బుతుంది. దాన్ని బర్డ్‌కేజ్ అంటారు, పక్షి పంజరం. ఆ ఉబ్బు కనబడిన తాడుని పక్కన పెట్టేయాలి, సుత్తితో కొట్టి సరిచేసి వాడకూడదు. "దేర్ ఈజ్ ఏ బర్డ్‌కేజ్ ఇన్ ద రోప్" అన్న ఒక్క వాక్యం చెప్పగలిగిన కుర్రాణ్ణి ఏ సూపర్‌వైజరైనా నమ్ముతాడు.

డాగ్ సంగతి అంతకంటే ముఖ్యం. అమెరికా పద్ధతి చేతి సిగ్నళ్లు వాడే సైట్లలో, సిగ్నల్‌మన్ రెండు చేతులూ పొట్ట ముందు కలిపి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటే దాని అర్థం డాగ్ ఎవ్రీథింగ్. ఉన్నది ఉన్నట్టు పట్టి ఉంచు, ఏదీ కదపకు అని. కుక్కకీ దీనికీ ఏం సంబంధమని కుర్రాళ్లు తెల్లమొహం వేస్తారు. పళ్లచక్రం వెనక్కి తిరగకుండా పట్టే ఇనుప ముక్కని డాగ్ అంటారు. ఓడ తలుపుల్ని బిగించే పిడుల్నీ డాగ్స్ అనే అంటారు. కుక్క ఎముకని పట్టినట్టు పట్టుకుని వదలదు, అంతే. మొదటి రోజే ఈ సిగ్నల్‌ని చేసి చూపించి, నోటితో పేరు చెప్పించండి. చేతులకి పని చెబితే మాట మరిచిపోరు. మిగతావీ అలాగే. ముంజేయి నిలువుగా ఎత్తి చూపుడువేలు పైకి పెట్టి చిన్న సున్నా చుడితే హాయిస్ట్, బరువుని పైకెత్తమని. చెయ్యి పక్కకి చాచి బొటనవేలు పైకి పెడితే బూమ్ అప్, క్రేన్ పొడుగు చేతిని (అదే బూమ్) పైకి లేపమని. అరచెయ్యి నేల వైపు పెట్టి చెయ్యి ఇటూ అటూ ఊపితే స్టాప్.

మా రోజుల్లో ఖలాసీలకి ఇవేవీ ఇంగ్లీషులో ఉండేవి కావు. ఎత్తడానికి హబేస్, దించడానికి ఆరియా. ఆ ఆరియా పోర్చుగీసు నావికులనుంచి వచ్చింది, వాళ్ల భాషలో అరియార్ అంటే దించడం. పెద్దవాళ్లు "ఆరియా... ఆరియా..." అని సాగదీసి అంటే పైన క్యాబిన్‌లో ఉన్నవాడికి వేగం ఎంతో కూడా తెలిసిపోయేది. ఆ మాటల్ని నేను ఇప్పటికీ నేర్పిస్తాను, మన నౌకాశ్రయాల చరిత్ర అది. కానీ దుబాయ్‌లోనో, దోహాలోనో పైన కూర్చున్నవాడు ఫిలిప్పీన్స్ మనిషి కావచ్చు. అతనికి హాయిస్ట్, లోయర్ అనాలి. "అప్ చెయ్", "డౌన్ చెయ్" పనికిరావు.

కెపాసిటీ మీద ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "యాభై టన్నుల క్రేన్ ఎంత ఎత్తుతుంది?" యాభై టన్నులు అన్నారో, అక్కడితో అయిపోయినట్టే. ఆ యాభై, బరువు క్రేన్‌కి బాగా దగ్గరగా ఉన్నప్పటి మాట. బూమ్ చాచి బరువు దూరమైన కొద్దీ ఎత్తే శక్తి తగ్గిపోతుంది. దూరాన్ని రేడియస్ అంటారు, ఎంత రేడియస్‌కి ఎంత బరువో రాసి ఉన్న పట్టిక లోడ్ చార్ట్. "ఇట్ డిపెండ్స్ ఆన్ ద రేడియస్. ఐ విల్ చెక్ ద లోడ్ చార్ట్." ఈ రెండు వాక్యాలు చాలు. పలక మీది గీతనే కొంచెం పడుకోబెట్టి చూపించండి. మెడ ముందుకి చాచిన కొద్దీ పట్టు తగ్గుతుందని పిల్లలకి కూడా తెలుస్తుంది.

ఇదంతా మాటల సరదాకోసం చెప్పడం లేదు. 2020 ఆగస్టు 1న మన షిప్‌యార్డులో బరువు పరీక్ష జరుగుతుండగా క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. ఆ వార్త విన్న రోజు మల్కాపురంలో, సింధియాలో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. ఈ పనికి వెళ్లే కుర్రాడికి స్టాప్ అనే హక్కు ఉందని ముందే తెలియాలి. సిగ్నల్ ఇచ్చేవాడు ఒక్కడే ఉండాలి, కానీ స్టాప్ మాత్రం ఎవరు చెప్పినా ఆపరేటర్ ఆపి తీరాలి. "ఎనీబడీ కెన్ గివ్ ద స్టాప్ సిగ్నల్" అన్న వాక్యాన్ని గట్టిగా, సిగ్గుపడకుండా చెప్పించండి. గట్టిగా అరవడం అలవాటు లేని పిల్లల చేత మేడ మీదే అరిపించండి, ఇరుగుపొరుగు వాళ్లు ఏమీ అనుకోరు.

క్రియగా వాడేది ఇప్పుడు. ఏదైనా కనబడటంలేదని మెడ చాచి, మునివేళ్ల మీద లేచి చూస్తే ఇంగ్లీషులో క్రేన్ అంటారు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో సిరిమాను లేస్తుంటే వెనక వరసలో ఉన్నవాళ్లు ఏం చేస్తారు? అదే. "ద పీపుల్ క్రేన్డ్ దైర్ నెక్స్ టు సీ ద సిరిమాను." నేవీ విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్‌లో నాన్న భుజాలెక్కినా కనబడక ఇంకాస్త సాగే పిల్లాడు కూడా: "ద బాయ్ వాజ్ క్రేనింగ్ హిజ్ నెక్ టు సీ ద హెలికాప్టర్." కొన్నిచోట్ల నెక్ అనే మాట లేకుండా "షీ క్రేన్డ్ ఫార్వర్డ్" అని కూడా రాస్తారు, ముందుకి వంగి మెడ సాచింది అని.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. పొద్దున్నే మెడ నొప్పికి చేసే వ్యాయామానికి క్రేన్ వాడకండి, అది స్ట్రెచ్. చూడాలన్న ఆత్రం ఉంటేనే క్రేన్. రెండోది, క్రేన్డ్ అన్నది ఒకే ఊపిరిలో వచ్చే మాట. క్రేనెడ్ అని రెండు ముక్కలు చెయ్యొద్దు. ఇక క్రేన్‌తో ఎత్తడాన్ని కూడా క్రేన్ అనే క్రియతో చెప్పొచ్చని డిక్షనరీలో ఉంటుంది. సైటులో అలా అనేవాళ్లు తక్కువ. లిఫ్ట్, హాయిస్ట్ అనండి.

మిగిలినవి గబగబా. క్రాన్‌బెర్రీ అన్న పండు పేరులో ఉన్నది ఈ క్రేనే. కుండీల్లో పెంచే జెరేనియం పువ్వు పేరు గెరనోస్‌నుంచి వచ్చింది, దాని కాయ ఆ పక్షి ముక్కులా ఉంటుంది. వంశవృక్షాన్ని పెడిగ్రీ అంటారు కదా, అది ఫ్రెంచిలో క్రేన్ పాదం అన్న మాట. తాతనుంచి మనవలకి గీసే గీతలు పక్షి కాలి వేళ్లలా విచ్చుకుంటాయని. దోమలా ఉండి కాళ్లు మరీ సాగిన పురుగు క్రేన్ ఫ్లై, అది కుట్టదు. గుంటూరు వారి క్రేన్ వక్కపొడి మన ఇళ్లలో అందరికీ తెలుసు, కంపెనీ పేరు కాబట్టి దాన్ని అలాగే ఉంచి మాట్లాడాలి, అనువదించకూడదు.

సాధన ఎక్కడ చేయాలంటే, ఆదివారం తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లండి. బోట్లు వచ్చే వేళకి మూడూ ఒకే చోట దొరుకుతాయి. చేపల బుట్టల చుట్టూ తెల్ల కొంగలు తిరుగుతుంటాయి, వాటిని చూసి ఈగ్రెట్ అనాలి. నీళ్ల అవతల కంటైనర్ క్రేన్లు కనబడతాయి, బూమ్ ఎత్తి ఉన్నవేవో దించి ఉన్నవేవో చెప్పాలి. వేలంపాట దగ్గర గుంపు వెనకనుంచి వంజరం ఎంత పలికిందో చూడాలని మెడలు చాచేవాళ్లుంటారు, దేఆర్ క్రేనింగ్ దైర్ నెక్స్. పిల్లలైతే ఒక్కో దృశ్యానికి ఒక్కో వాక్యం నోటితో చెబితే చాలు. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు అక్కడే గట్టు మీద కూర్చుని కాగితం మీద పెట్టాలి, ఇంటికెళ్లి రాద్దామంటే సగం మరిచిపోతారు. రాసింది ఎవరికైనా గట్టిగా చదివి వినిపించండి. తప్పొచ్చిన చోట వాక్యం మొత్తం మళ్లీ చెప్పండి, ఒక్క ముక్క దిద్ది వదిలేయొద్దు.

క్రేన్ నోటికి పట్టాక డాగ్ తీసుకోండి. దానికి క్రేన్ కంటే ఎక్కువ రోజులు పెట్టుకోవాలి, ఇంగ్లీషులో కుక్క చేసే పనులు చాలా ఉన్నాయి.